ఎండ, చెమట, ఆటగాడి దుస్తులు

1986 సెప్టెంబరు 18న మద్రాసు చేపాక్ మైదానంలో భారత, ఆస్ట్రేలియా జట్ల మధ్య ప్రారంభమైన టెస్టు మ్యాచ్ ఐదవనాటి చివరి ఓవరులో ఇరుజట్ల పరుగులు సరిసమానమై ముగిసింది. టెస్టు క్రికెట్ చరిత్రలో అది రెండవ 'టై'. అయితే ఆ మ్యాచ్‌ను క్రీడాలోకం నేటికీ స్మరించడానికి మరొక కారణం కూడా ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన 25 ఏళ్ల డీన్ జోన్స్ దాదాపు ఎనిమిదిన్నర గంటలసేపు బ్యాటింగ్ చేసి 210 పరుగులు సాధించాడు. సముద్రపు తేమతో బరువెక్కిన ఆ ఎండలో అతడు మైదానంలోనే పలుమార్లు వాంతి చేసుకున్నాడు. కాళ్ల కండరాలు పట్టుకుపోయాయి. ఇన్నింగ్స్ ముగిసిన పిమ్మట అతనిని ఆసుపత్రికి తరలించి సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. ఇక ఆడలేనని జోన్స్ అన్నప్పుడు, అయితే గట్టివాడైన క్వీన్స్‌లాండ్ ఆటగాడిని పిలుస్తానని సారథి అలన్ బోర్డర్ ఎత్తిపొడిచాడన్న కథ ప్రచారంలో ఉంది. దీనిని ఇన్నాళ్లూ వీరగాథగానే చెప్పుకొంటూ వచ్చారు. వైద్యుని దృష్టితో చూస్తే మాత్రం అది వీరగాథ కాదు. ప్రాణం మీదికి వచ్చి తృటిలో తప్పిన ప్రమాదం.

అదే మ్యాచ్‌లో గ్రెగ్ మాథ్యూస్ అనే మరొక ఆస్ట్రేలియా ఆటగాడు ఉన్ని స్వెట్టర్ తొడుక్కొని బౌలింగ్ చేసి పది వికెట్లు తీసుకున్నాడు. మద్రాసు ఎండలో స్వెట్టర్ ఏమిటని ప్రేక్షకులు విస్తుపోయారు. మాథ్యూస్‌కు స్వెట్టర్‌ను ఎవరూ బలవంతంగా తొడగలేదు, అది అతని ఇష్టం. కాని ఇద్దరూ ధరించిన తెల్లని చొక్కా, పొడుగు ప్యాంటు మాత్రం ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేని ఆచారం. ఆ తెల్లని దుస్తులు ఇంగ్లండు వేసవిలో పుట్టాయి. అక్కడ జూన్ నెలలో కూడా సాయంకాలానికి చలిగాలి వీస్తుంది. అందుకే ఒకప్పుడు క్రికెట్ ప్యాంట్లను ఫ్లానెల్ అనే ఉన్ని గుడ్డతో కుట్టేవారు. ఆటతోపాటు ఆ వేషం కూడా ఓడలెక్కి కలకత్తాకు, మద్రాసుకు, కొలంబోకు, లాహోరుకు వచ్చింది. తెల్లరంగు ఎండకు కొంతవరకు మేలే చేసింది. తక్కిన వేషాన్ని గురించి అంత నమ్మకంగా చెప్పలేము.

క్రీడా దుస్తుల నియమాలలో అత్యధిక భాగం ఎండ తగలని గదులలో కూర్చున్నవారు వ్రాసినవే. కొన్ని చలిదేశపు అలవాట్ల నుంచి, కొన్ని మర్యాదను గురించిన ఊహల నుంచి, మరికొన్ని ప్రేక్షకులను ఆకర్షించాలన్న వ్యాపారదృష్టి నుంచి పుట్టాయి. ఆడేవారి ఒంటి వేడిని లెక్కలోకి తీసుకొని వ్రాసినవి అరుదు. ఆ వేడి సంగతి ముందుగా కొంత తెలుసుకోవాలి.

శ్రమించే కండరం తాను ఖర్చుచేసే శక్తిలో సుమారు నాలుగో వంతును మాత్రమే పనిగా మార్చగలదు. మిగిలినదంతా వేడి రూపంలో శరీరంలో పేరుకుంటుంది. దానిని బయటకు పంపడానికి రక్తం చర్మం వద్దకు పరుగులు తీస్తుంది. చుట్టూ ఉన్న గాలి చర్మం కన్న చల్లగా ఉన్నంతవరకు ఆ వేడిలో కొంత నేరుగా గాలిలోకి పోతుంది. గాలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే ఆ దారి మూసుకొనిపోతుంది. పైగా బయటి వేడే లోపలికి ప్రవేశించనారంభిస్తుంది. అప్పుడు శరీరానికి మిగిలిన ఆధారం చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడిని వెంట తీసుకొనిపోతుంది. ఇక్కడ 'ఆవిరైతే' అన్నదే కీలకం. ధారలుగా కారి నేలపాలైన చెమట వలన శరీరం చల్లబడదు. ఒంట్లోని నీరు, ఉప్పు తరిగిపోవడం తప్ప దాని వలన ప్రయోజనం ఉండదు.

కనుకనే ఉష్ణమాపకం చూపే అంకె ఒక్కదానితో ఎండ తీవ్రతను నిర్ణయించడం పొరపాటు. అనంతపురంలో 38 డిగ్రీలు, మచిలీపట్నంలో 38 డిగ్రీలు పత్రికలో ఒకే విధంగా అచ్చవుతాయి. ఆడేవాడికి అవి ఒకటి కావు. అనంతపురపు పొడిగాలి చెమటను పుట్టీపుట్టక ముందే పీల్చుకుంటుంది. మచిలీపట్నంలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది గనుక చెమటకు పోవడానికి చోటు దొరకదు. 1950ల దశకంలో అమెరికాలో మెరైన్ దళాల శిక్షణ శిబిరాలలో కొత్తగా చేరిన యువకులు వడదెబ్బకు గురి అవుతుండగా, అక్కడి శాస్త్రజ్ఞులు ఈ తేడాను కొలిచే ఒక సూచికను రూపొందించారు. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకపు కొలతకు అందులో 70 శాతం ప్రాధాన్యం, ఎండలో ఉంచిన నల్లని గోళంలోని వేడికి 20 శాతం, మామూలు ఉష్ణమాపకానికి కేవలం 10 శాతం. పత్రికలలో ప్రతిరోజూ వెలువడే ఉష్ణోగ్రతకు ఆ లెక్కలో దక్కిన స్థానం పదో వంతేనన్నమాట. నేడు ప్రపంచంలోని పెద్ద పోటీల నిర్వాహకులు ఈ సూచిక ఆధారంగానే ఆట జరపాలా, ఆపాలా అన్నది నిర్ణయిస్తున్నారు.

చర్మం మీద ఏమి ఉన్నదన్న ప్రశ్న ఎంత ప్రాణాంతకం కాగలదో 1912లోనే లోకానికి తెలిసివచ్చింది. ఆ ఏడాది జూలై 14న స్టాక్‌హోమ్ ఒలింపిక్ మారథాన్ దాదాపు 32 డిగ్రీల ఎండలో జరిగింది. ఉత్తర ఐరోపాకు అది అసాధారణమైన వేడి. 68 మంది బయలుదేరగా సుమారు సగం మంది మధ్యలోనే విరమించారు. పోర్చుగల్‌కు చెందిన ఫ్రాన్సిస్కో లాజరో అనే యువకుడు ఎండకు చర్మం కమిలిపోకుండా ఒంటికి మైనం వంటి జిడ్డుపదార్థం దట్టంగా పూసుకొన్నాడు. ఆ పూత చెమటను అడ్డగించింది. దారిలో కుప్పకూలిన లాజరో మరునాడు మరణించాడు. ఆధునిక ఒలింపిక్ క్రీడలలో పోటీ కారణంగా సంభవించిన తొలి మరణమది. ఎండనుంచి కాపాడుతుందని అతడు నమ్మిన కవచమే అతని పాలిట మృత్యువైంది. అదే పరుగులో జపాను దేశస్థుడు కనాకురి షిజో దప్పికకు తాళలేక దారిపక్కన ఒక తోటలో ఆగి, ఎవరికీ తెలియజేయకుండానే స్వదేశానికి వెళ్లిపోయాడు. 1967లో స్వీడన్‌వారు అతనిని సగౌరవంగా ఆహ్వానించి పరుగు పూర్తిచేయించారు. మొత్తం పట్టిన కాలం 54 సంవత్సరాల 8 నెలల పైచిలుకు. లాజరోకు అటువంటి రెండవ అవకాశం లేకపోయింది.

ఆ తరువాత నలభై రెండేళ్లకు, 1954 ఆగస్టులో, వాంకూవర్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడలలో ఇంగ్లండు మారథాన్ వీరుడు జిమ్ పీటర్స్ రెండవ స్థానంలోని వానికన్న 17 నిమిషాలు ముందుగా స్టేడియంలో అడుగుపెట్టాడు. అక్కడినుంచి గీత వరకు ఉన్న కొద్దిదూరం దాటలేకపోయాడు. పడుతూ లేస్తూ, పాకుతూ, దాదాపు 11 నిమిషాలు పోరాడి, గీత చేరకుండానే కూలిపోయాడు. ప్రాణం దక్కింది గాని ఆపైన అతడు పోటీలలో పరుగెత్తలేదు. పరుగులో నీరు త్రాగడం బలహీనతకు గుర్తు అని నమ్మిన కాలమది. మారథాన్ నియమాలు సైతం తొలి పది కిలోమీటర్లలో నీరు అందించడానికి చాలాకాలం అంగీకరించలేదు. ఈ భావన మన పాఠశాలల డ్రిల్ పీరియడులోకి కూడా ప్రవేశించింది. ఆట మధ్యలో నీరు అడిగిన పిల్లవాడిని కసరుకునే పద్ధతి అంతటా పోయిందని చెప్పలేము.

నీటి విషయంలో మరొక కొసకు పోవడం కూడా ప్రమాదకరమే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తాన్ని పరీక్షించగా 13 శాతం మందిలో సోడియం ప్రమాదసూచిక కన్న తక్కువగా ఉన్నట్టు తేలింది. అవసరానికి మించి నీరు త్రాగడం అందుకు ముఖ్యకారణం. ఎండలో దప్పిక తీరేవరకు త్రాగాలి, పొట్ట ఉబ్బేవరకు కాదు. చెమట ధారలుగా పోయినప్పుడు ఉప్పు కలిసిన పానీయం కావాలి. తెలుగునాట వేసవిలో పొలం పనులకు వెళ్లేవారు ఉప్పు వేసిన పల్చని మజ్జిగ త్రాగడం అనాదిగా వస్తున్న అలవాటు. శాస్త్రం దానిని తప్పుపట్టదు. జేబులో ఉల్లిపాయ ఉంచుకుంటే వడదెబ్బ తగలదన్న నమ్మకానికి మాత్రం ఏ ఆధారమూ లేదు.

ఇక గుడ్డ విషయం. నూలు మంచిదా, పాలియెస్టర్ మంచిదా అన్న వాదం క్రీడారంగంలో చాలాకాలంగా సాగుతున్నది. ఇద్దరి పక్షాన సగం సగం సత్యం ఉంది. నూలుపోగు సాధారణ వాతావరణంలోనే తన బరువులో సుమారు 8 శాతం తేమను పట్టి ఉంచుతుంది. పాలియెస్టర్ పోగు అరశాతం కూడా పట్టి ఉంచదు. అందుచేత నూలుబనీను చెమటను ఇముడ్చుకుని, తడిసి బరువెక్కి, ఒంటికి అంటుకొనిపోతుంది. తడిసిన గుడ్డ చర్మాన్ని కప్పేస్తే గాలి ఆడదు. ప్రత్యేకంగా అల్లిన పాలియెస్టర్ గుడ్డ చెమటను తనలో ఉంచుకోక బయటి పొరకు చేరవేస్తుంది. అక్కడ అది త్వరగా ఆరుతుంది. గంటల తరబడి పరుగెత్తేవారికి, ఒరిపిడి వలన చర్మం పుళ్లు పడేవారికి ఇది నిశ్చయంగా సుఖం.

అయితే సుఖం వేరు, రక్షణ వేరు. ఎండలో వ్యాయామం చేసేవారిపై జరిగిన కొన్ని ప్రయోగాలలో, నూలు తొడిగినా కృత్రిమ వస్త్రం తొడిగినా శరీరపు లోపలి ఉష్ణోగ్రతలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ప్రకటనలలో చూపే మహిమలో చాలాభాగం అమ్మకానికి సంబంధించినదే. పైగా ఆ ప్రత్యేకపు అల్లిక లేకుండా, కేవలం మెరుపుకోసం నేసిన చౌకరకపు పాలియెస్టర్ 'ట్రాక్ సూట్' అన్నిటికన్న హీనమైనది. అది చెమటను పీల్చదు, గాలిని రానివ్వదు. అనేక పాఠశాలలలో ఆటల దుస్తులుగా నిర్ణయించేది సరిగ్గా దానినే. మార్చి నెలలో ఒంటిపూట బడులు మొదలైన తరువాత కూడా, పొడుగు పాలియెస్టర్ ప్యాంటు, దాని మీద కాలరున్న చొక్కా వేసుకొని పిల్లలు మైదానంలో నిలబడుతుంటారు. పక్కనే ఏ ఏర్పాట్లూ లేని పేద విద్యార్థి పాత నూలుబనీనుతో, వదులైన నిక్కరుతో హాయిగా పరుగెత్తుతుంటాడు. యూనిఫారం లేదని వరుసలోనుంచి బయటికి పంపేది ఆ రెండవవాడినే!

వదులుతనం ఎంత ముఖ్యమో చెప్పే పరిశోధన ఒకటి 1980లో వెలువడింది. ఎడారిలో నివసించే బెదూయిన్ జాతివారు నల్లని పొడుగు అంగీలు ఎందుకు ధరిస్తారన్నది ప్రశ్న. నలుపు వేడిని ఎక్కువగా గ్రహిస్తుందని చిన్నపిల్లలకు సైతం తెలుసు. శాస్త్రజ్ఞులు నల్లని అంగీ, తెల్లని అంగీ ధరింపజేసి మండుటెండలో కొలతలు తీశారు. చర్మానికి చేరిన వేడి రెండింటిలోనూ ఒకే విధంగా ఉంది. నల్లగుడ్డ అదనంగా గ్రహించిన వేడి, గుడ్డకు ఒంటికి మధ్య ఉన్న ఖాళీలో కదలే గాలితో పాటు చర్మాన్ని చేరకముందే వెళ్లిపోయింది. రాజస్థాన్ ఎడారిలోని పశువుల కాపరి తలపాగా, వదులు అంగీ కూడా ఇటువంటి అనుభవం నుంచే రూపొంది ఉండాలి. పొడివేడిలో ఎండ నేరుగా చర్మాన్ని తాకకుండా కప్పుకోవడమే మేలు. తేమ నిండిన తీరప్రాంతంలో చర్మాన్ని గాలికి వదలడం మేలు. ఇంత విశాలమైన దేశంలో జైసల్మేరుకు, కేరళ తీరంలోని పయ్యోళికి ఒకే క్రీడావేషం నిర్ణయించడం ఎంతవరకు సమంజసమో ఆలోచించవలసిన విషయం.

పయ్యోళి పేరు వినగానే పి.టి. ఉష స్ఫురించడం సహజం. 1984 ఆగస్టులో లాస్ ఏంజెలిస్‌లో మహిళల 400 మీటర్ల హర్డిల్స్ తుదిపోటీలో ఆమె సెకనులో నూరవ వంతు తేడాతో కాంస్యపతకం కోల్పోయిన సంగతి దేశమంతటికీ తెలుసు. అదే పరుగులో స్వర్ణపతకం పొందిన నవాల్ ఎల్ ముతవాకిల్ మొరాకో దేశపు యువతి. ఒలింపిక్ స్వర్ణం సాధించిన తొలి అరబ్బు మహిళ ఆమె. నిక్కరు, బనీను ధరించి పరుగెత్తిన ఆమెను చూసి అనేక ఇళ్లలో ఆడపిల్లలకు మైదానపు ద్వారాలు తెరుచుకున్నాయి. మరికొన్ని ఇళ్లలో ఆ దుస్తులే అభ్యంతరమయ్యాయి. అభ్యంతరం ఒక మతానికి, ఒక ప్రాంతానికి పరిమితం అనుకోవడం సరికాదు. పల్లెపట్టులలో ఓణీ వేయవలసిన వయసు వచ్చిన పిల్లను ఆటలకు పంపడానికి జంకే తల్లిదండ్రులు అన్ని వర్గాలలోనూ ఉన్నారు. పిల్ల ఆట మానడానికి తొలికారణం తరచు నిక్కరే అవుతుంది.

ఆశ్చర్యమేమంటే, కప్పుకోమని ఒత్తిడి చేసేవారు ఒకవైపు ఉండగా, కప్పుకోరాదని శాసించేవారు మరొకవైపు ఉన్నారు. హైదరాబాదుకు చెందిన టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జా 2005లో 18 ఏళ్ల వయసులో అంతర్జాతీయ ఖ్యాతి గడిస్తున్న వేళ, ఆమె ధరించే పొట్టి స్కర్టు మర్యాదకు విరుద్ధమని కొందరు మతపెద్దలు ఆక్షేపించారు. ఆమెకు రక్షణ కల్పించవలసి వచ్చింది. ఆరేళ్లు గడిచేసరికి, 2011లో, ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య దీనికి సరిగ్గా విరుద్ధమైన ఆదేశం సిద్ధం చేసింది. పెద్ద టోర్నమెంట్లలో మహిళలు తప్పనిసరిగా స్కర్టు ధరించాలట! ప్రేక్షకుల ఆదరణ పెంచడమే దాని ఉద్దేశ్యం. నిరసనలు చెలరేగగా అమలును వాయిదా వేసి, 2012లో పూర్తిగా విరమించుకున్నారు. ఒక యువతిని స్కర్టు వేసుకొన్నందుకు, మరొక యువతిని వేసుకోనందుకు తప్పుపట్టిన ఈ రెండు ఘట్టాలలోనూ చెమటను గురించి గాని, కదలికను గురించి గాని ఒక్కరూ మాట్లాడినట్లు కనబడదు.

2021 జూలైలో బల్గేరియాలో జరిగిన బీచ్ హ్యాండ్‌బాల్ పోటీలలో నార్వే మహిళలు బికినీకి బదులు నిక్కర్లు ధరించినందుకు మొత్తం 1,500 యూరోల జరిమానా విధించారు. ఆ పోటీలలోనే పురుషులు నిక్కర్లతో ఆడారు. లోకం ఆక్షేపించగా ఆ ఏడాదే నియమం మారింది. బీచ్ వాలీబాల్‌వారు అంతకుముందే, 2012లో, తమ నియమాన్ని సడలించారు. తత్ఫలితంగా 2016 రియో ఒలింపిక్స్‌లో ఈజిప్టు యువతులు పొడుగు చేతుల దుస్తులతో, వారిలో ఒకరు తలకు వస్త్రం కట్టుకొని, బికినీలు ధరించిన జర్మన్ యువతులతో తలపడగలిగారు. వలకు రెండువైపులా చేతులెత్తిన ఆ క్రీడాకారిణుల ఛాయాచిత్రం ప్రపంచమంతటా అచ్చయింది.

తలపాగా, హిజాబ్ విషయంలో క్రీడాసంస్థలు చాలాకాలం భద్రత పేరు చెప్పాయి. 2011 జూన్‌లో ఇరాన్ మహిళా ఫుట్‌బాల్ జట్టు తలవస్త్రం కారణంగా ఒలింపిక్ అర్హత పోటీలో ఆడలేకపోయింది. అంతర్జాతీయ ఫుట్‌బాల్ నియమసభ 2012లో ప్రయోగాత్మకంగాను, 2014లో శాశ్వతంగాను తలవస్త్రాలను అనుమతించింది. అదే 2014 జూలైలో చైనాలోని వూహాన్‌లో ఆసియా కప్ బాస్కెట్‌బాల్ పోటీల సందర్భంలో అమృత్‌పాల్ సింగ్, అమ్‌జ్యోత్ సింగ్ అనే ఇద్దరు భారత ఆటగాళ్లను తలపాగా తీసివేస్తేనే ఆడనిస్తామన్నారు. దేశంలో పార్టీలకు అతీతంగా నిరసన వ్యక్తమైంది. 2017లో బాస్కెట్‌బాల్ సమాఖ్య ఆ నిషేధాన్ని తొలగించింది. వెయిట్‌లిఫ్టింగ్‌లో 2011లోనే, పాకిస్తానీ సంతతికి చెందిన అమెరికన్ యువతి కుల్సూమ్ అబ్దుల్లా కోరిక మేరకు, ఒంటినిండా కప్పే బిగుతు దుస్తులకు అనుమతి లభించింది. మోచేయి చాపిందీ లేనిదీ న్యాయనిర్ణేతకు కనిపించాలన్నది ఆ ఆటలో దుస్తులపై పెట్టవలసిన న్యాయమైన షరతు. ఆ షరతు నెరవేరితే తక్కినది ఆడేవారి ఇష్టం. ఇంత సులభమైన పరిష్కారానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందన్నదే విచిత్రం.

తలవస్త్రం ధరించి ఎండలో ఆడేవారికి వేడి ఎక్కువ కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. గుడ్డ పల్చనిదై, గాలి ఆడేదై, తడిసినప్పుడు మార్చుకునే వీలుంటే ఆ బరువు చాలావరకు తగ్గుతుంది. హెల్మెట్, భుజకవచాలు ధరించే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు దీనికన్న ఎన్నోరెట్లు వేడిని మోస్తాడు. 2001 ఆగస్టు 1న కోరీ స్ట్రింగర్ అనే ఆ ఆట వృత్తిక్రీడాకారుడు శిక్షణలో వడదెబ్బ తగిలి మరణించాడు. అక్కడ ఎవరూ హెల్మెట్‌ను నిషేధించాలని అనలేదు. శిక్షణ వేళలు, విశ్రాంతి, తొలిదినాలలో కవచాలు లేకుండా సాధన వంటి ఏర్పాట్లు క్రమేణా వచ్చాయి. ఒక దుస్తుల విషయంలో చేయగలిగిన సర్దుబాటు మరొక దుస్తుల విషయంలో ఎందుకు చేయకూడదు?

ఎంత మంచి గుడ్డ అయినా తప్పు వేళలో పెట్టిన పోటీని సరిదిద్దలేదు. 1964 టోక్యో ఒలింపిక్స్‌ను ఎండాకాలం దాటించి అక్టోబరులో జరిపారు. 1982 ఢిల్లీ ఏషియాడ్ నవంబరు 19న ప్రారంభమైంది. తరువాతి కాలంలో టెలివిజన్ ప్రసారాల అవసరాలు పంచాంగాన్ని శాసించసాగాయి. టోక్యోలోనే 2021లో పోటీలు జూలై, ఆగస్టు నెలల్లో జరిగాయి. మారథాన్‌ను దాదాపు 800 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న సప్పోరోకు తరలించినా వేడి తప్పలేదు. 2019లో దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ మహిళల మారథాన్‌ను అర్ధరాత్రికి ఒక్క నిమిషం ముందు ప్రారంభించారు. సూర్యుడు లేడు గాని తేమ ఉంది. 68 మందిలో 28 మంది పరుగు పూర్తిచేయలేకపోయారు.

మన దేశంలో చిక్కు మరొక రూపంలో ఉంది. పిల్లలకు సెలవులు ఏప్రిల్, మే నెలల్లోనే గనుక వేసవి శిక్షణ శిబిరాలు రోహిణి కార్తె దాకా నడుస్తాయి. ఈ విషయంలో ఆంధ్ర, తెలంగాణ పల్లెల యువజన సంఘాలు పట్టణాలకన్న తెలివిగా వ్యవహరిస్తున్నాయి. కబడ్డీ, వాలీబాల్ పోటీలను దీపాల వెలుగులో రాత్రివేళ నడుపుతాయి. ఎండకు శరీరాన్ని అలవాటు చేయడం కూడా ఒక శాస్త్రమే. పది నుంచి పధ్నాలుగు రోజులు కొద్దికొద్దిగా శ్రమ పెంచుతూ పోతే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. మొదటిరోజే పూర్తి శ్రమ పెట్టే శిక్షకుడు ఈ ప్రకృతిసిద్ధమైన కవచాన్ని చేజేతులా పారవేస్తున్నాడు.

ఈ తయారీ లేకపోవడం వల్ల కలిగే నష్టం పతకాలకు సంబంధించినది మాత్రమే కాదు. 2024 ఆగస్టు, సెప్టెంబరులలో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుళ్ల నియామకానికి దేహదారుఢ్య పరీక్షలు జరిగాయి. పురుష అభ్యర్థులు 10 కిలోమీటర్లు పరుగెత్తాలి. తేమతో ఉక్కపోసే ఆ రోజులలో పదిమందికి పైగా యువకులు ప్రాణాలు కోల్పోయారు. కారణాల విషయంలో వాదోపవాదాలు సాగాయి. ప్రభుత్వం కొన్నిరోజులు పరీక్షలు నిలిపి, నియమాలను సమీక్షించింది. ఆ అభ్యర్థులు క్రీడాకారులు కారు; ఉద్యోగం కోసం ఒక్కనాడు క్రీడాకారులైనవారు. ప్రాయోజకులు ఇచ్చిన దుస్తులు గాని, వెంట వైద్యుడు గాని, పక్షం రోజుల సాధన గాని వారికి లేవు. అన్నీ ఉన్న చోట కూడా ఏర్పాట్లు వివాదాస్పదం కావచ్చు. 2016 ఆగస్టులో రియో మారథాన్ ముగిసిన వెంటనే కుప్పకూలిన ఓ.పి. జైషా, దారిలో భారత అధికారుల వద్ద తనకు నీరు అందలేదని చెప్పింది. అథ్లెటిక్స్ సమాఖ్య ఆ మాటను ఖండించింది. క్రీడామంత్రిత్వశాఖ విచారణకు కమిటీని నియమించింది.

వడదెబ్బ తగిలినవానికి మొదటి అరగంట ఎంతో విలువైనది. ఆడుతున్నవాడు తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఉన్నట్టుండి కోపగించుకున్నా అది అలసట అనుకోరాదు. అతని శరీరపు లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండవచ్చు. చర్మం పొడిగా ఉంటేనే వడదెబ్బ అన్న పాత పాఠం ఆటగాళ్ల విషయంలో చెల్లదు. చెమటతో తడిసి ఉండగానే వారు కూలిపోతారు. ముందు చల్లార్చడం, తరువాతే ఆసుపత్రికి తరలించడం అన్నది నేటి వైద్యుల సూత్రం. బూట్లు, పైదుస్తులు తీసివేసి మెడవరకు చల్లని నీటిలో ఉంచడం అన్నిటికన్న ఉత్తమం. తల నీటిలో మునగకుండా ఒకరు పట్టుకోవాలి. స్పృహ సరిగా లేనివాని నోట నీరు పోయరాదు. తొట్టి లేనిచోట మరొక మార్గం ఉంది. నలుగురు నాలుగు కొసలు ఎత్తిపట్టిన టార్పాలిన్ పట్టాలో రోగిని పడుకోబెట్టి, చల్లని నీరు, ఐసుముక్కలు పోసి ఇటూ అటూ ఊపుతూ ఉండాలి. ఈలోగా మరొకరు అంబులెన్సుకు కబురు చేయాలి. ధాన్యం ఆరబోసే టార్పాలిన్ ప్రతి రైతు ఇంటా ఉంటుంది. ఐసుదిమ్మ చేపల బజారులో దొరుకుతుంది. పోటీనాటి ఉదయమే ఆ రెండింటినీ తెప్పించి, మైదానపు గట్టున నీడలో గోనెపట్టా కప్పి ఉంచడానికి ఒక పాఠశాలకు పెద్దగా ఖర్చు కాదు.